ఇది అబ్బులు నమస్కారం

తోటమెరక మునిసిపాలిటీలో కటింగ్ మిషన్‌ని రెండు చేతులతో పట్టుకోవాలని ఒక రూలుంది. పై అధికారి కనబడితే రెండు చేతులూ జోడించాలని ఇంకో రూలుంది. మొదటిది మిషన్‌తోపాటు అట్టపెట్టెలో వచ్చింది. రెండోది మునిసిపాలిటీ కంటే పాతది. రెండూ మంచి రూల్సే. ఎటొచ్చీ ఆ రెండింటినీ ఒకే సమయంలో పాటించాల్సిన గెద్దాడ అబ్బులుకి ఉన్నవి రెండే చేతులు. అది తయారీలో లోపం. పైవాడు చేసిన పొరపాటుకి మునిసిపాలిటీ బాధ్యత వహించదు.

అబ్బులు నీళ్ళ సెక్షన్లో మిషన్ పట్టే మనిషి. నడివయసు దాటుతోంది, పర్మనెంటు కాలేదు. ఊళ్ళో ఎక్కడ పైపు పగిలినా ముందు అతను వెళ్ళి, పెట్రోలుతో నడిచే ఆ చేతిమిషన్‌తో రోడ్డు సిమెంటు కోస్తాడు. తర్వాత గోతిలోకి దిగి పగిలిన పైపు ముక్క కోసి తీస్తాడు. వీర్రాజు అనే తోటి పనివాడు కొత్త ముక్క బిగిస్తాడు. నీళ్ళొస్తాయి. ఇందులో కథేమీ లేదు. కమిషనరుగారు తనిఖీకి రాకుండా ఉండుంటే ఎప్పటికీ ఉండేది కాదు.

కమిషనరు పరబ్రహ్మంగారు ఆ ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చారు. వచ్చిన వారంలోనే, కాలవలో పూడిక తీస్తున్న ఒకడు తట్ట దించి నమస్కారం పెట్టలేదని వాణ్ణి పనిలోంచి నిలిపేశారు. తట్టలో ఉన్నదేమిటో, దాన్ని దించితే ఎవరి బూట్ల మీద పడేదో ఆయన ఆలోచించలేదు. ఆలోచించడం ఆయన పని కాదు, తనిఖీ ఆయన పని.

ఈ సంగతి అబ్బులు బుర్రలో మేకులా దిగి ఉంది. అందుకే మార్కెట్టు సెంటర్లో మోకాళ్ళ మీద కూర్చుని సిమెంటు కోస్తుంటే, దుమ్ములోంచి ఎదురుగా మెరుస్తున్న నల్లటి బూట్లు, వాటి మీద ఇస్త్రీ ప్యాంటు, దానిపైన పరబ్రహ్మంగారు కనబడేసరికి, అతను ఇంకేమీ చూసుకోకుండా రెండు చేతులూ జోడించేశాడు. జోడించాక గుర్తొచ్చింది, ఆ చేతుల్లో అంతకుముందు మిషన్ ఉందని.

చెయ్యి వదిలితే ఆగిపోవాల్సిన మిషనే అది. మీట మీద వేలు నొక్కి ఉంచినంతసేపే బ్లేడు తిరుగుతుంది. కానీ పొద్దస్తమానం మీట నొక్కి పట్టుకుంటే వేలు కొయ్యబారిపోతుందని, అబ్బులు దానికి సైకిలు ట్యూబు ముక్క ఒకటి బిగించి కట్టేశాడు. వేలికి సుఖంగా ఉంది. మిషన్‌కి స్వేచ్ఛగా ఉంది.

ఆ స్వేచ్ఛతో అది పలుపు తెంచుకున్న మేకపిల్లలా ఒక్క గెంతు గెంతి, నేలకి బ్లేడు ఆనించి, నిప్పురవ్వలు చిమ్ముకుంటూ పరుగు తీసింది. నిమ్మకాయల బండి వైపు పోలేదు. ఆవుల వైపు పోలేదు. అంత మార్కెట్టులో తిన్నగా కమిషనరుగారినే ఏరుకుని వెళ్ళి, ఆయన కుడి బూటు ముక్కు శుభ్రంగా కోసేసింది. వీర్రాజు తడి గోనె విసిరి స్విచ్చి నొక్కాడు కాబట్టి అక్కడితో ఆగింది.

కమిషనరుగారు కిందికి చూసుకున్నారు. బూటు ముందు భాగంలోంచి బూడిద రంగు మేజోడులో ఐదు వేళ్ళు క్షేమంగా, కాస్త ఆశ్చర్యంగా బయటికి చూస్తున్నాయి. బూటు ఒక సైజు పెద్దది కొనడం వల్ల ప్రభుత్వానికి ఒక అధికారి కాలు మిగిలింది.

అబ్బులు జోడించిన చేతులు దించలేదు. దించితే ఇంకేం జరుగుతుందోనని భయం.

పరబ్రహ్మంగారు చాలాసేపు బూటు వైపూ, ఆ చేతుల వైపూ మార్చి మార్చి చూశారు. తర్వాత పక్కనున్న ఇంజినీరు ఉమాకాంతంగారితో అన్నారు.

"మనిషి వినయవంతుడే. లోపం విధానంలో ఉంది. విచారణ జరపండి."

ఆ సాయంత్రం ఇంటికి పోతూ అబ్బులు మీటకున్న సైకిలు ట్యూబు కోసి మురుగుకాలవలో పారేశాడు. ప్రమాదానికి కారణం ఆ విధంగా కాలవలో కొట్టుకుపోయింది. నివారణ చర్యలు మర్నాటి నుంచి మొదలయ్యాయి.

*

మీటింగు హాల్లో బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద ముక్కు లేని బూటు పెట్టారు. ఎవరో అలవాటు కొద్దీ దాని ముందు ఒక మంచినీళ్ళ సీసా కూడా పెట్టారు. అబ్బులు గోడకి ఆనకుండా గోడ పక్కన నిలబడ్డాడు.

"ఘటన జరిగిన సమయమున నీవు యంత్రమును ఎందుకు వదిలితివి?" అన్నారు ఉమాకాంతంగారు. మామూలప్పుడు ఆయన మామూలుగానే మాట్లాడతారు. విచారణ అనేసరికి అలా అయిపోతారు.

"తవఁరొచ్చారు కదండి," అన్నాడు అబ్బులు.

"నేను రాలేదు. కమిషనరుగారు వచ్చారు. నేను వారి వెనుక వచ్చితిని."

"ఆయ్. వారికే పెట్టానండి. మీదాకా రాకముందే మిషన్ వెళ్ళిపోయిందండి."

"అనగా నాకు నమస్కారము అందలేదు. ఇది కూడా రాసుకోండి," అని ఇంజినీరుగారు గుమాస్తాకి చెప్పారు.

పరబ్రహ్మంగారు చెయ్యెత్తారు. ఆయనకి ఆ రోజు కొత్త బూట్లు. బల్ల కిందికి, కాస్త లోపలికి లాక్కుని కూర్చున్నారు.

"ఇక్కడ సమస్య వ్యక్తిది కాదు. రెండు విలువల మధ్య ఘర్షణ ఇది. ఒకటి భద్రత. రెండోది మర్యాద. దేన్నీ వదులుకోలేం. సూచనలు చెప్పండి."

"మిషన్ ఆపి, కింద పెట్టి, ఆ తర్వాత నమస్కరిస్తే?" అన్నారు ఉమాకాంతంగారు.

"ఎంతసేపు పడుతుంది?"

అందరూ అబ్బులు వైపు చూశారు. "బ్లేడు తిరగడం ఆగి, కింద పెట్టేసరికి... గబగబా ఓ అరకప్పు టీ తాగినంత సేపండి."

"అరకప్పు టీ!" కమిషనరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంతసేపూ నేను నడిరోడ్డు మీద నమస్కారం లేకుండా నిలబడాలా? చూసేవాళ్ళేమనుకుంటారు? కుళాయి కనెక్షన్ కోసం తిరుగుతున్నవాడు అనుకోరూ?"

ఆ ఊహకి హాలంతా చలించిపోయింది.

"పోనీ, మిషన్ పట్టుకున్నవాడికి నమస్కారం మినహాయిస్తే..."

"ఉమాకాంతంగారూ. ఇవాళ మిషన్‌కి మినహాయిస్తాం. రేపు పారకి అడుగుతారు. ఎల్లుండి చీపురుకి. చివరికి పని చేస్తున్నవాడెవడూ మనకి నమస్కారం పెట్టడు. పని లేనివాళ్ళ నమస్కారాల మీద ఒక మునిసిపాలిటీ ఎంతకాలం నడుస్తుంది?"

"తల ఊపితే?"

"తల ఊపడమంటే అంగీకారం. దేనికి అంగీకారం? ఏ ఫైలు మీద? రేపు ఆడిట్‌వాళ్ళు పట్టుకుంటారు."

అబ్బులుకి అప్పుడొకమాట చెబుదామనిపించింది. అయ్యా, ట్యూబు ముక్క ఒకటుండేది, తీసేశాను, ఇప్పుడు వదిలితే ఎక్కడికీ పరిగెత్తదు అని. కానీ ట్యూబు ఎవడు కట్టమన్నాడని అడుగుతారు. ఎవడూ కట్టమనలేదు. నోరు మూసుకున్నాడు.

కమిషనరుగారు చివరికి తేల్చారు. "చూడండి. నమస్కారానికి చేతులు కావాలి. అబ్బులు దగ్గర ఖాళీ చేతులు లేవు. బయటినుంచి సమకూర్చుకుందాం."

మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కోత యంత్రము పనిచేయు సమయమున యంత్రచాలకుడు తన ఉభయ హస్తములను యంత్రముపైనే ఉంచవలెను. ఆ సమయమున తనిఖీకి విచ్చేయు అధికారులకు సదరు చాలకుని తరఫున నమస్కరించుటకై వందన సహాయకుడు నియమింపబడును. వందన సహాయకుడు లేనిదే కోత జరుపరాదు.'

వీర్రాజు ఇది నోటీసు బోర్డు మీద రెండుసార్లు చదివి, అబ్బులుకి చెప్పి, అన్నాడు. "బావా, నీకు పీఏ వస్తన్నాడ్రోయ్."

*

వందన సహాయకుడి పేరు బొండాడ ప్రసన్నకుమార్. కౌన్సిలరుగారి బావమరిది. పోస్టుకి డిగ్రీ ఉండాలన్నారు, అతనికి రెండున్నాయి. మిషన్ పట్టేవాడు ఔట్‌సోర్సింగ్, నమస్కారం పెట్టేవాడు పర్మనెంటు. మొదటిది ఎవడైనా చేస్తాడు, రెండోది శాఖ ప్రతిష్ఠకి సంబంధించిన విషయం.

కుర్రాడు మంచివాడే. మొదటిరోజే అబ్బులు పక్కన బుద్ధిగా గొంతుక్కూర్చుని అడిగాడు.

"అబ్బులన్నా, నీ నమస్కారం ఎలా ఉంటుందో ఓసారి చూపిస్తావా? రేపు తేడా వస్తే నా మీదికొస్తుంది."

"దాందేవుంది బాబూ. ఎవరికన్నదాన్ని బట్టి. ఇంజినీరుగారికైతే గుండెకాడికి. కమిషనరుగారికైతే నడుం కూడా వంచాలి."

"నడుం వంచాలా? నాకు నడుం పట్టేస్తుందన్నా."

"అయితే నా నమస్కారానికి నడుం నొప్పొచ్చిందనుకో. పోనీలే, వయసొచ్చింది కదా దానికీ."

కానీ పని అంత తేలిగ్గా లేదు. మిషన్ దగ్గరుండే మనిషి కాబట్టి ప్రసన్నకుమార్‌కి కూడా హెల్మెట్టు, కళ్ళద్దాలు, బూట్లు, తోలు గ్లవ్స్ ఇచ్చారు. అబ్బులుకి ఇంతకాలం లేని గ్లవ్స్ అవి. అయితే మొదటి తనిఖీలోనే ఉమాకాంతంగారు అభ్యంతరం చెప్పారు. గ్లవ్స్ తొడుక్కుని నమస్కారం పెట్టడం చెప్పులేసుకుని హారతి తీసుకున్నట్టుందన్నారు. దాంతో వాటిని విప్పించి, ఇంక అనవసరమని అబ్బులుకిచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో భద్రతకి ఒరిగింది అదొక్కటే, అదీ పొరపాటున.

తర్వాత నిలబడే చోటు దగ్గర గొడవొచ్చింది. అబ్బులు ముందు నిలబడితే రవ్వలు నేరుగా ప్రసన్నకుమార్ మీదికి వస్తున్నాయి. వెనక నిలబడితే అధికారికి కనబడ్డం లేదు. తిరిగే బ్లేడుకి దగ్గర్లో ఎవరూ ఉండకూడదని అట్టపెట్టె రూలు కూడా ఉంది. కాబట్టి దూరంగా, కిళ్ళీ బడ్డీ పక్కన నిలబెట్టారు. అక్కడినుంచి అతను నమస్కారం పెడితే, కిళ్ళీ బడ్డీ తరఫున పెడుతున్నాడో, తన తరఫున పెడుతున్నాడో, అబ్బులు తరఫున పెడుతున్నాడో తెలియడం లేదని కమిషనరుగారు అసంతృప్తి వ్యక్తం చేశారు.

అందుకని ఒక రేకు బోర్డు చేయించారు. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు. 'ఇది అబ్బులు నమస్కారం'. తాడు కట్టి ప్రసన్నకుమార్ మెడలో వేశారు. ఇక నుంచి వందన సహాయకుడంటే బోర్డు మెడలో ఉన్న వ్యక్తి అని ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. చాలకుడితో ఏదైనా చెప్పాలంటే బోర్డు ద్వారానే చెప్పాలి, నేరుగా పలకరిస్తే చాలకుడి ధ్యాస చెదురుతుంది అని కూడా అందులోనే చేర్చారు. ఆ ముక్క నిజానికి తెలివైనదే. తెలివైనవి అప్పుడప్పుడు అలా జారిపడుతుంటాయి.

ఓ నెల్లాళ్ళు సజావుగా సాగింది. అబ్బులు కోసేవాడు, ప్రసన్నకుమార్ వంగేవాడు, పరబ్రహ్మంగారు సంతోషించేవారు. కానీ ఆయన కూడా సంస్కారవంతుడే. ఒకరోజు సన్నగా వాన పడుతుంటే తనిఖీకొచ్చి, ఎదుటివాడు అంత శ్రద్ధగా వంగేసరికి ఆయనా తిరిగి రెండు చేతులూ జోడించారు. చేతిలో గొడుగుంది. గొడుగు గాలికెగిరి గోతిలో పడింది. ఆయన తడిశారు.

మళ్ళీ మీటింగు. బల్ల మీద ఈసారి గొడుగు.

ఆ మీటింగులోంచి ప్రతివందన సహాయకుడు పుట్టాడు. పేరు శేషఫణి, ఉమాకాంతంగారి వేలువిడిచిన మేనల్లుడు. కమిషనరుగారి తరఫున తిరిగి నమస్కరించడం అతని పని. ప్రతివందనం అందేవరకు మొదటివాడు చేతులు దించరాదు, అధికారి కదలరాదు అని కొత్త నిబంధన. లేకపోతే నమస్కారం మధ్యలో వేలాడిపోతుందట.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఆజ్ఞాపించలేదు, దానంతటదే జరిగింది. అబ్బులు తరఫున ఒకడు, కమిషనరుగారి తరఫున ఒకడు ఉన్నాక, ఆ ఇద్దరూ ఎక్కడ కలిస్తే అక్కడ తనిఖీ అయిపోయినట్టే కదా. ఎండలో గోతి దగ్గరికి పోవడమెందుకు? వాళ్ళిద్దరూ ఆఫీసులో ఫ్యాను కింద ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, పొద్దున్న ఒక నమస్కారం, సాయంత్రం ఒక నమస్కారం మార్చుకునేవారు. మధ్యలో క్యారం బోర్డు ఆడేవారు. వందన సహాయకుడు ఆఫీసులో ఉంటాడు కనక గోతి దగ్గర ఉండడు. అతను లేనిదే కోత జరపకూడదు కనక అబ్బులు కోయడు. కోయడు కనక ప్రమాదాల్లేవు.

జిల్లా నుంచి అభినందన వచ్చింది. ప్రమాదరహిత మునిసిపాలిటీగా తోటమెరకకి 'భద్రతా కిరీటం' ఇవ్వదలిచామని, సోమవారం పరిశీలక బృందం వస్తుందని. వందన పద్ధతిని మిగతా ఊళ్ళకి నేర్పడానికి ప్రసన్నకుమార్‌నీ శేషఫణినీ వెంటనే జిల్లా కేంద్రానికి పంపమని కూడా కోరారు. ఇద్దరూ కొత్త బ్యాగులు కొనుక్కుని బస్సెక్కారు. బోర్డు మాత్రం షెడ్డులో మిషన్ పక్కన మేకుకి వేలాడదీసి వెళ్ళారు. జిల్లాలో వాళ్ళకి ఇత్తడిది చేయిస్తున్నారట.

*

ఆ బస్సు ఎక్కిన రోజే రిక్షాపేటలో పెద్ద పైపు పగిలింది.

రిక్షాపేట అబ్బులు ఉండే పేట. వీధి మధ్యలో నీళ్ళు బుగ్గలా పైకి పొంగి, తిన్నగా మురుగుకాలవలోకి పోయేవి. ఇళ్ళలో కుళాయిలు మాత్రం పాముల్లా బుస్సుమని గాలి వదిలేవి. ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో పక్కపేట బోరింగు దగ్గరికి పోతే, అక్కడి ఆడవాళ్ళు ముందు తమ పశువులకి పట్టుకుని తర్వాత వీళ్ళని పట్టుకోనిచ్చేవారు.

అబ్బులు పెళ్ళాం సూరీడమ్మ మాటలు పడే మనిషి కాదు. కానీ ఆ రోజు బోరింగు దగ్గర పడింది.

"ఆ పక్కపేట నాగరత్నం ఏవందో తెలుసా?" అంది, కోత లేక సిమెంటు బస్తాలు మోసి వస్తున్న అబ్బులు గుమ్మంలో కాలు పెట్టగానే. "ఊరందరికీ నీళ్ళు తెప్పించే మహానుభావుడి పెళ్ళానివి, నీకేంటమ్మా బిందె బరువు అంది. పదిమందిలో!"

"రేపు పొద్దున్నే అడుగుతానే."

"అడుగు. అడిగొచ్చేదాకా నీకు తానం లేదు. నీ దుమ్ము కడగడానికి నేను మోసుకురాను. అరుగు మీద పడుకో. నిన్ను చూస్తంటే సున్నం బట్టీలోంచి లేచొచ్చినట్టున్నావు, లోపలికొస్తే చాప పాడైపోద్ది."

అబ్బులు అరుగు మీద పడుకున్నాడు. ఒళ్ళంతా దురద. ఊరికి నీళ్ళిచ్చే సెక్షన్లో ఉండి, ఒక చెంబెడు నీళ్ళకి తన ఇంటి గుమ్మం బయట పడుకోవడం ఎలా ఉంటుందో ఏ మీటింగులోనూ ఎవరూ అడగలేదు.

మర్నాడు ఉమాకాంతంగారి దగ్గరికెళ్ళాడు.

"మా పేట పైపండి. చిన్న కోత. పొద్దున్న మొదలెడితే మధ్యాన్నానికి నీళ్ళొచ్చేత్తాయండి."

ఇంజినీరుగారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "అబ్బులూ, నువ్వు అర్థం చేసుకోవాలి. పైపు పగిలితే అది లీకేజీ. దాన్ని నువ్వు కోస్తే అది ప్రమాదావకాశం. లీకేజీకి కిరీటం పోదు. ప్రమాదావకాశానికి పోతుంది. సోమవారం వెళ్ళనీ."

"తాగడానికి నీళ్ళు లేవండి."

"ఆ విషయంలో శాఖ విచారం వ్యక్తం చేస్తోంది. అయినా నమస్కారం పెట్టే మనిషేడీ? వందన సహాయకుడు లేనిదే కోయకూడదు కదా?"

"ఆయన వచ్చేది ఎప్పుడండి?"

"శిక్షణ. చెప్పలేం. వాళ్ళు ఇంకా కింది స్థాయి నమస్కారాల దగ్గరే ఉన్నారట."

సాయంత్రం ఇదంతా సూరీడమ్మకి చెప్పాడు. ఖాళీ బిందె బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఆ కుర్రోడు చేసేదేంటి?"

"మెళ్ళో రేకేసుకుని నిలబడతాడు. వచ్చినోళ్ళకి దణ్ణం పెడతాడు."

"రేకు కూడా పట్టుకుపోయాడా?"

"లేదు. షెడ్డులో ఉంది. తాళం నా దగ్గరే."

"రేకేసుకున్నోడే ఆ కుర్రోడని రాశారన్నావు?"

"రాశారు. వీర్రాజు చదివాడు."

"మరింకేం?" సూరీడమ్మ కొంగు దోపింది. "దణ్ణం పెట్టడానికి ఇంత చదువు కావాలేంటయ్యా? నీకు పెళ్ళైన కాణ్ణించీ పెడతానే ఉన్నాను!"

"ఎప్పుడు పెట్టావే?"

"మనసులో."

*

శనివారం పొద్దున్నే రిక్షాపేట నడిబొడ్డున మిషన్ బుర్రుమంది. అబ్బులు కళ్ళద్దాలు, బూట్లు, ప్రసన్నకుమార్ పుణ్యమా అని గ్లవ్స్, అన్నీ తొడుక్కున్నాడు. చుట్టూ తాడు కట్టి, జనాన్ని అరుగుల మీదికి ఎక్కించాడు. తాడుకి అవతల సూరీడమ్మ, మెడలో పసుపు రేకుతో, కొలువులో నిలబడ్డట్టు నిలబడింది. నాగరత్నం ఆ రేకు చూడ్డానికే పక్కపేట నుంచి బిందె కూడా మర్చిపోయి వచ్చింది.

సిమెంటు కోత అయింది. పారలతో తవ్వారు, వాల్వు కట్టేసి నీళ్ళు తోడారు. అబ్బులు గోతిలోకి దిగి పైపు మీద బ్లేడు పెట్టాడు. ఇనుము మీద ఆ చప్పుడు ఊరి చివరిదాకా వినబడుతుంది. కమిషనరుగారి బంగళా ఊరి చివర కాదు, మధ్యలోనే.

జీపు వచ్చి ఆగింది. పరబ్రహ్మంగారు, వెనక ఉమాకాంతంగారు దిగారు.

"ఆపండి! ఎవరి అనుమతితో..." అంటూ ఉమాకాంతంగారు తాడు దాకా పరిగెత్తారు.

సూరీడమ్మ అడ్డం వచ్చి, నడుం వంచి, గాజులు గలగలలాడేలా రెండు చేతులూ జోడించింది. రేకు ముందుకి ఊగింది. 'ఇది అబ్బులు నమస్కారం'.

"ఎవరు నువ్వు?"

"అబ్బులు నమస్కారాన్నండి."

"ఆడమనిషివి!"

"నమస్కారానికి ఆడా మగా ఏంటండి? రేకుందా లేదా చూసుకోండి."

ఉమాకాంతంగారు కమిషనరుగారి వైపు తిరిగారు. పరబ్రహ్మంగారు నొసలు చిట్లించి రేకుని, అక్షరాలని, ఆ వంపుని పరిశీలించారు. ప్రసన్నకుమార్ ఎప్పుడూ అంత బాగా వంగలేదు. "నిబంధన ప్రకారం సరిగానే ఉంది," అన్నారు అయిష్టంగా. "కానీ సోమవారం కిరీటం... వెంటనే ఆపమని చెప్పండి."

"ఒరేయ్ అబ్బులూ!" అని అరవబోయి ఉమాకాంతంగారు నాలుక కరుచుకున్నారు. నేరుగా పలకరించకూడదు. బోర్డు ద్వారా చెప్పాలి. "ఏమ్మా, అతన్ని ఆపమను."

"చెప్తానండి. కానీ నా చేతులు దించనివ్వండి ముందు."

"దించు!"

"తిరిగి దణ్ణం పెడితే గాని దించకూడదటండి. మధ్యలో వేలాడిపోద్దంట కదండి?"

అందరూ కమిషనరుగారి వైపు చూశారు. ఆయన ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫోను. ఎండగా ఉంది. గొడుగు వదలడానికి వీల్లేదు, ప్రతివందన పోస్టు పుట్టిందే గొడుగు వల్ల. పైగా కమిషనరు స్వయంగా ప్రతివందనం చేయడం ప్రతివందన సహాయకుడి విధుల్లో జోక్యమవుతుంది.

"శేషఫణి ఎక్కడ?"

"జిల్లాలో ఉన్నాడు సార్."

"పిలిపించండి!"

జీపు శేషఫణి కోసం వెళ్ళింది. ప్రతివందనం అందేదాకా అధికారి కదలరాదు. పరబ్రహ్మంగారు కదలలేదు. ఉమాకాంతంగారు ఆయన వెనక కదలలేదు. సూరీడమ్మ చేతులు దించలేదు. అరుగుల మీది ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఇంత పెద్దాయన వస్తే మర్యాద కాదని వాళ్ళూ ఒక్కొక్కరే చేతులు జోడించి, తిరిగి దణ్ణం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఆ వీధిలో ఆ పూట రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి అబ్బులు ఒక్కడే.

నాగరత్నం ఒక మజ్జిగ గ్లాసు తెచ్చి కమిషనరుగారి నోటి దగ్గర పట్టింది. చేతులు ఖాళీ లేవు కనక ఆయన అలాగే తాగారు.

పైపు ముక్క ఠంగుమని తెగిపడింది. వీర్రాజు కొత్త ముక్క తోసి బిగించాడు. ఎక్కడో వాల్వు తిప్పారు. ముందు గాలి, తర్వాత ఎర్రటి నీళ్ళు, తర్వాత తెల్లటి నీళ్ళు. రిక్షాపేట కుళాయిలన్నీ ఒక్కసారి దగ్గి గొంతు సవరించుకున్నాయి. చేతులు జోడించుకున్న ఆడవాళ్ళంతా మర్యాదని అరుగుల మీదే వదిలేసి బిందెల కోసం పరిగెత్తారు.

అబ్బులు మీట మీదినుంచి వేలు తీశాడు. బ్లేడు నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. మిషన్‌ని గోతి గట్టు మీద పెట్టాడు. అది ఎక్కడికీ పోలేదు, కుక్కపిల్లలా పడుకుంది. కళ్ళద్దాలు పైకి నెట్టి చూస్తే ఎదురుగా కమిషనరుగారు.

ఇన్నాళ్ళూ తన నమస్కారాన్ని ఎవరో పెడుతున్నారు. చేతులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. నీళ్ళొచ్చిన సంతోషంలో, ఏ రూలూ గుర్తు రాక, అబ్బులు గ్లవ్స్ విప్పేసి రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండి."

ఉమాకాంతంగారు ఒక అడుగు వెనక్కి వేశారు. పరబ్రహ్మంగారు గొడుగు పక్కకి వంచి చూశారు. ఒక పక్క సూరీడమ్మ, ఒక పక్క అబ్బులు. ఒకే మనిషి నమస్కారం, రెండు చోట్ల.

"చూశారా!" అన్నారు కమిషనరుగారు. "బోర్డు ఉండగానే! నేరుగా! రాసుకోండి!"

*

శనివారం సాయంత్రం శేషఫణి జీపులో వచ్చి తిరిగి దణ్ణం పెట్టాకే కమిషనరుగారు కదిలారు. మెమో సోమవారం సాయంత్రం వచ్చింది. కిరీటం అప్పటికే మునిసిపాలిటీ గాజు బీరువాలో ఉంది. రిక్షాపేట కోతలో ఎవరికీ గోరు కూడా ఊడలేదు కనక, అది ప్రమాదరహిత కోతకి నిదర్శనంగా పరిశీలక బృందానికి చూపించి, ఇంకోసారి చప్పట్లు అందుకున్నారు. మెమో అబ్బులుకి మాత్రమే. 'యంత్రచాలకుడు తన పరిధి దాటి, వందన సహాయక వ్యవస్థను ఉల్లంఘించి, ఉన్నతాధికారికి స్వహస్తములతో ప్రత్యక్షముగా నమస్కరించినందులకు ఏల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. ఈ పత్రమును స్వయముగా, రెండు చేతులతో అందుకొనవలెను.'

తెచ్చినవాడు ప్రసన్నకుమార్. శిక్షణ నుంచి ఆ పొద్దునే తిరిగొచ్చాడు. మెడలో కొత్త ఇత్తడి బోర్డు.

"అబ్బులన్న ఉన్నాడా వదినా?"

సూరీడమ్మ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండా దడి వైపు చూపించింది. తాటాకు దడి వెనక నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు. మధ్యమధ్య అబ్బులు బుగ్గలనిండా నీళ్ళు పుక్కిలిస్తున్న చప్పుడు.

"అన్నా! నీకు మెమో వచ్చింది. రెండు చేతులతో అందుకోవాలంట!"

"రెండు చేతులూ సబ్బులో ఉన్నాయి బాబూ!" అని దడి వెనకనుంచి గొంతు వచ్చింది. "నా తరఫున నువ్వే తీసేసుకో!"

ప్రసన్నకుమార్ ఆలోచించాడు. అబ్బులు చేతులు ఖాళీ లేనప్పుడు అబ్బులు చేతులు తనవే. ఉత్తర్వు అదే చెబుతోంది. జిల్లాలో నేర్పి వచ్చిందీ అదే. కుడిచేతిలో ఉన్న మెమోని రెండు చేతుల్లోకీ తీసుకుని, తనకి తానే అందించుకుని, కళ్ళకద్దుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంజాయిషీ కూడా తనే రాసుకోవాలా అని ఒక అనుమానం వచ్చింది గానీ, లోపల అబ్బులు ఏదో కూనిరాగం తీస్తున్నాడు, ఇంక కదిలించబుద్ధి కాలేదు. దడికి ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.